డార్విన్ మహాశయుని విరామవేళలు

మహాపురుషుల చరిత్రములను వ్రాయువారు సామాన్యముగా వారి ఘనకార్యములనే వర్ణింతురు. పని ముగించి కూర్చుండినపుడు వారేమి చేయుచుండిరో, ఏ యాటలాడుచుండిరో, నిద్రకు ముందు ఏ పుస్తకము చేతబట్టుచుండిరో తెలుపుట యరుదు. అయినను మనుష్యుని స్వభావము పనివేళలయందు కంటె విరామవేళలయందే యెక్కువగా వెల్లడియగును. పని యొరుల నిర్బంధముచేతనైనను జరుగవచ్చును. వినోదము తన యిచ్ఛచేతనే జరుగును. జీవజాతుల పుట్టుకను గూర్చి లోకమునకు నూతనదృష్టి నొసంగిన చార్లెస్ డార్విన్ జీవితము ఇందులకు చక్కని దృష్టాంతము. బాల్యమున ఆయన వినోదములకై కాలము వ్యర్థపుచ్చుచున్నాడని నిందింపబడెను. ఆ వినోదములలో ననేకము పిమ్మట శాస్త్రముగా పరిణమించెను. ఒక్క వినోదమును మాత్రము ఆయన చేజార్చుకొని, వార్ధకమున అందులకై చింతించెను.

డార్విన్ 1809వ సంవత్సరము ఫిబ్రవరి 12వ తేదీన ఇంగ్లండునందలి ష్రూస్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి రాబర్ట్ డార్విన్ పేరుమోసిన వైద్యుడు. తల్లి సుసన్నా పింగాణి పరిశ్రమలో ప్రసిద్ధికెక్కిన వెడ్జ్‌వుడ్ వంశమువారి యాడుబిడ్డ. ఆమె 1817లో, బాలునకు ఎనిమిదేండ్ల ప్రాయమున, పరలోకగతురాలయ్యెను. చిన్ననాటనే యతనికి వస్తువులను ప్రోగుచేయుటయందు మిక్కిలి యాసక్తి కలిగెను. గవ్వలు, నాణెములు, ఉత్తరములపై వేయు లక్కముద్రలు, వింతరాళ్లు, ఏది కనబడినను తెచ్చి దాచుకొనుచుండెడివాడు. అన్నకు గాని అక్కచెల్లెండ్రకు గాని లేని ఈ యలవాటు అతనికి పుట్టుకతోనే యబ్బెను.

1818 మొదలు ఏడేండ్లు ఆ యూరి పెద్ద పాఠశాలలోనే చదివెను. అచ్చట చదువనగా లాటిన్, గ్రీకు భాషలలో పద్యములు వల్లించుట, పద్యములల్లుట. బాలుడు వల్లించినదానిని రెండు దినములలోనే మఱచిపోవుచుండెను. అయితే పాఠశాల మందపు గోడలలో పాత కిటికీ యొకటి యుండెను. ఆ కిటికీలో గంటలకొలది కూర్చుండి షేక్స్పియరు చారిత్రక నాటకములను తన్మయుడై చదువుచుండెడివాడు. బైరన్, స్కాట్ కవుల కావ్యములును, థామ్సన్ రచించిన ఋతువర్ణన కావ్యమును అతనికి ప్రియములయ్యెను. తోటి విద్యార్థి యొద్ద లోకమందలి వింతలను దెలుపు పుస్తకమొకటి యుండగా, దానిని పదేపదే చదివి, అందలి విషయములు నిజములా కావా యని మిత్రులతో వాదించెను. దూరదేశములను చూడవలెనను కోరిక తనకు మొదట కలిగినది ఆ పుస్తకమువలననే యని ఆయన పిమ్మట తలచెను. గిల్బర్ట్ వైట్ అను మతాచార్యుడు తన సెల్బోర్న్ గ్రామపు పక్షులను, జంతువులను గూర్చి వ్రాసిన గ్రంథము చదివిన తోడనే పక్షులను కనిపెట్టి చూచుచు, వాని నడవడిని వ్రాసికొన సాగెను. చదువుకొన్న ప్రతి మనుష్యుడును పక్షిశాస్త్రజ్ఞుడు కాకుండుట యెట్లా యని ఆ బాలునకు ఆశ్చర్యము కలిగెనట.

అన్న ఎరాస్మస్ తోటలోని పనిముట్ల గదిలో రసాయన ప్రయోగశాల నేర్పరచుకొనెను. తమ్ముడతనికి సహాయుడై, రాత్రి చాల ప్రొద్దుపోవువరకు వాయువులను తయారుచేయుచుండెను. బడిపిల్లలు అతనికి గ్యాస్ అని యెగతాళిపేరు పెట్టిరి. ప్రధానోపాధ్యాయుడు వ్యర్థవిషయములతో కాలము పాడుచేయుచున్నాడని అందరియెదుట మందలించెను. తన విద్యాభ్యాసములో మిక్కిలి మేలైన భాగము ఆ పనిముట్ల గదిలోనే జరిగెనని డార్విన్ ముసలితనమున తలపోసెను.

యౌవనమున అతని మనస్సు వేటపైకి మరలెను. పక్షులవేట కాలము వచ్చెననిన బూట్లను మంచముప్రక్కనే విప్పియుంచుకొని పరుండుచుండెను. తెల్లవారి వానిని తొడుగుకొనుటలో అరనిమిషమైనను వ్యర్థము కారాదని యతని తలంపు. కొట్టిన పక్షుల లెక్కకై చొక్కా గుండీకి దారము కట్టుకొని, పక్షికొక ముడి వేయుచుండెను. ఒకనాడు స్నేహితులిద్దరు కూడబలుకుకొని, అతడు తుపాకి పేల్చినప్పుడెల్ల ఆ పక్షిని తామే కొట్టితిమనియు, లెక్కలో చేర్చరాదనియు బుకాయించిరి. పాపము, అతడు ఎన్నో పక్షులను కొట్టియు దినమంతయు ముడి వేయుటకు నోచుకొనలేదు. పరిహాసమని తెలియుటకు చాలసేపు పట్టెను. ఈ వేటపిచ్చి చూచి తండ్రి సహింపలేక, తుపాకి, కుక్కలు, ఎలుకలను పట్టుట తప్ప వేఱొకటి పట్టని నీవు నీకును కుటుంబమునకును తలవంపులు తెత్తువని కఠినముగా పలికెను. తండ్రియందు అపారభక్తిగల కుమారుని మనస్సున ఆ మాట జీవితాంతము నిలిచిపోయెను.

ఇంతటి వేటకాడైనను అతనిలో దయ లేకపోలేదు. గాలముతో చేపలు పట్టుట యతనికి మిగుల ప్రియము. ఉప్పునీటిలో వేసిన వానపాములు చచ్చునని యెవరో చెప్పినది మొదలు అతడు బ్రతికియున్న వానపామును గాలమునకు గ్రుచ్చ మానివేసెను. అందువలన చేపలు తక్కువగా పడినను లెక్కచేయలేదు. ఈ వానపాములే యాయన కడపటి గ్రంథమునకు విషయమగుట ముందు తెలియగలదు.

తండ్రి యతనిని వైద్యము చదువుటకై 1825లో ఎడింబరోకు పంపెను. మత్తుమందులేని ఆ కాలపు శస్త్రచికిత్సలను చూడజాలక అతడు వైద్యవిద్యను విడిచెను. ఆ పట్టణమున నేర్చిన విద్యలలో మిగుల పనికివచ్చినది, పక్షిచర్మమును ఒలిచి దూదినించి బ్రతికియున్నట్లు నిలుపు విద్య. దానిని నేర్పినవాడు గయానా దేశమున బానిసత్వమునుండి విముక్తుడైన జాన్ ఎడ్మన్‌స్టన్ అను నల్లజాతివాడు. వినోదముగా నేర్చిన ఆ పని పిమ్మట ఓడప్రయాణములో ఎంతయో అక్కరకు వచ్చెను.

తండ్రి నిరాశ చెందినను విడువక, కనీసము మతాచార్యుడైనను కాగలడని 1828లో కేంబ్రిడ్జికి పంపెను. అచ్చటను అతనికి పాఠములకంటె వినోదములే యెక్కువ. వానిలో ముఖ్యమైనది పెంకుపురుగులను పట్టుట. ఒకనాడు పాతచెట్టు బెరడును చీల్చగా రెండు అరుదైన పురుగులు కనబడెను. చేతికొకటి చొప్పున పట్టుకొనెను. ఇంతలో మూడవది, వేఱొక జాతిది, కంటబడెను. దానిని వదలుటకు మనసొప్పక, కుడిచేతిలోని పురుగును చటాలున నోటిలో వేసికొనెను. అది భగ్గున మండు రసమును వెడలగ్రక్కెను. నాలుక కాలి దాని నుమిసివేయవలసివచ్చెను, మూడవదియు తప్పించుకొనిపోయెను. కొంతకాలమునకు స్టీఫెన్స్ అను శాస్త్రజ్ఞుని బ్రిటిష్ కీటకముల గ్రంథములో ఫలానా పురుగును పట్టినవాడు డార్విన్ అని అచ్చుపడెను. తొలిపద్యము అచ్చులో చూచుకొన్న కవికైనను అంతటి సంతోషము కలుగదని ఆయన పిమ్మట వ్రాసెను.

కేంబ్రిడ్జిలోనే అతనికి సంగీతముపై మోజు పుట్టెను. కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరమున గానము జరుగు సమయమునకు సరిపోవునట్లు తన షికారును ఏర్పరచుకొనుచుండెను. గానము వినునపుడు ఒడలు జలదరించుచుండెడిది. ఒక్కొక్కప్పుడు గాయకబాలురకు రుసుమిచ్చి తన గదిలో పాడించుకొనుచుండెను. వింత యేమనగా, అతనికి స్వరజ్ఞానము బొత్తిగా లేదు. రాగమును గుర్తింపలేడు, తాళము తప్పక కూనిరాగమైనను తీయలేడు. మిత్రులు పరిచితములైన పాటలనే వేగము మార్చి వాయించి అతనిని పరీక్షించి నవ్వుకొనుచుండిరి. విద్య లేకున్నను రసము ననుభవించుటకు అడ్డులేదనుటకు ఇదియొక నిదర్శనము.

ఇక్కడనే అతని జీవితమును మార్చిన పఠనము జరిగెను. హంబోల్ట్ మహాశయుని దక్షిణ అమెరికా యాత్రాగ్రంథమును చదివి డార్విన్ వివశుడయ్యెను. అందులో టెనెరీఫ్ ద్వీపవర్ణనను వ్రాసికొని, విహారయాత్రలలో స్నేహితులకు చదివి వినిపించుచు, ఆ ద్వీపమునకు పోవలెనని స్పానిష్ భాష సయితము నేర్వదొడగెను. అధ్యాపకుడు హెన్స్‌లో సిఫారసుచే 1831 డిసెంబరు 27వ తేదీన బీగిల్ అను ఓడలో భూప్రదక్షిణమునకు బయలుదేరెను. ఓడ టెనెరీఫ్ తీరమును చేరెను గాని, కలరా భయముచే ఆ ద్వీపపు అధికారులు దిగనీయలేదు. పుస్తకమున ఎన్నిసార్లో దర్శించిన కొండను దూరమునుండి మాత్రము చూచి ముందునకు సాగవలసివచ్చెను.

ఆ ఓడ చిన్నది. అయినను అందొక గ్రంథాలయ ముండెను. దాదాపు 400 సంపుటములు డార్విన్ పరుండు గదిలోనే అమర్చబడియుండెను. ఆయన దినమంతయు గ్రంథముల నడుమనే పనిచేసి, వాని నడుమనే ఉయ్యాలపడకలో పరుండెడివాడు. లయెల్ భూగర్భశాస్త్రము ఆయన కన్నులు తెఱిపించెను. గట్టుపై గుఱ్ఱమెక్కి దూరప్రయాణము చేయునపుడు ఒక్క పుస్తకమునకు మించి తీసికొనిపోవుటకు వీలుండెడిది కాదు. అట్టివేళ ఆయన ఎల్లప్పుడును మిల్టన్ మహాకవి పారడైస్ లాస్ట్ కావ్యమునే వెంటగొనిపోవుచుండెను. ప్రయాణము సాగినకొలది వేటపై మమకారము సన్నగిల్లెను. పరిశీలించుటయందును ఆలోచించుటయందును గల యానందము గురిచూచి కొట్టుటలో లేదని తెలిసికొని, తుదకు తుపాకిని తన సేవకునకప్పగించెను. తండ్రి కోపమును, గురువుల మందలింపును మాన్పింపలేని వ్యసనమును అంతకంటె గొప్ప వినోదము మాన్పించెను.

1836 అక్టోబరు 2వ తేదీన ఆయన స్వదేశమునకు మరలివచ్చెను. ఆ తరువాతి రెండేండ్లును లండనులో విశేషముగా చదివెను. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జి కవులను ఇష్టముతో పఠించెను. వర్డ్స్‌వర్త్ దీర్ఘకావ్యమగు ఎక్స్‌కర్షన్‌ను ఆసాంతము రెండుమార్లు చదివెను. 1838లో చదువదలచిన పుస్తకములకొక పట్టిక, చదివిన పుస్తకములకొక పట్టిక ప్రారంభించి 1860 వరకు నడపెను. ఆ 1838లోనే ప్రజాసంఖ్యను గూర్చి మాల్థస్ వ్రాసిన గ్రంథమును కేవలము కాలక్షేపమునకై చేతికి తీసికొనెను. ఆహారము కంటె ప్రాణుల సంఖ్య వేగముగా పెరుగునను వాదము చదువగానే, బ్రతుకుపోరాటములో అనుకూల లక్షణములు గల ప్రాణులు నిలిచి, తక్కినవి నశించునను సత్యము ఆయనకు తళుక్కున తట్టెను. ప్రకృతివరణమను మహాసిద్ధాంతమునకు బీజము ఇట్లు ఒక విరామవేళ పఠనమున పడెను. అది జీవజాతుల ఉత్పత్తి అను గ్రంథముగా 1859 నవంబరు 24వ తేదీన వెలువడుటకు ఇరువదియేండ్లకు పైగా పట్టెను. తొలిముద్రణమందలి 1,250 ప్రతులలో సుమారు 500 ప్రతులను చందాదారులకు పుస్తకములిచ్చు మ్యూడీ గ్రంథాలయమే కొనెను. ఆ మహాగ్రంథము అనేకుల చేతికి చేరినది గ్రంథాలయముద్వారానే యన్నమాట.

1839 జనవరి 29వ తేదీన డార్విన్ తన మేనమామ కూతురగు ఎమ్మాను వివాహమాడెను. 1842లో లండనునకు సుమారు 16 మైళ్ల దూరముననున్న డౌన్ అను పల్లెలో స్థిరపడి, తుదివరకు నలువదియేండ్లు అచ్చటనే కాపురముండెను. ఓడనుండి వచ్చిన కొలదికాలమునకే ఆయన నారోగ్యము విడనాడెను. వాంతులు, తలతిప్పుట, నిద్రలేమి ఎడతెగక బాధించెను. అరగంట తీవ్రముగా సంభాషించినను రాత్రి నిద్ర పట్టెడిది కాదు. సభలు, విందులు దాదాపు మానుకొనవలసివచ్చెను. దినమున మూడు నాలుగు గంటలు మాత్రమే ఆయన పనిచేయగలిగెను. తక్కిన కాలమును బాధకు వశము కాకుండ కాపాడినవి కుటుంబమును, స్వల్పవినోదములును.

ఆయన దినచర్య గడియారమువలె నడచెడిది. ఉదయము కొంత నడచి, పావుతక్కువ ఎనిమిదికి ఫలాహారము చేసి, ఎనిమిదినుండి తొమ్మిదిన్నరవరకు పనిచేయుచుండెను. అది ఆయనకు మిక్కిలి యనువైన సమయము. తరువాత హాలులో సోఫాపై మేను వాల్చగా భార్య వచ్చిన జాబులను, పిమ్మట ఏదైన నవలను బిగ్గరగా చదివి వినిపించెడిది. పదిన్నర మొదలు మరల పని. మధ్యాహ్నము షికారు. భోజనానంతరము వార్తాపత్రిక. శాస్త్రసంబంధము కాని వానిలో ఆయన స్వయముగా చదువునది ఇదియొక్కటే, తక్కినదంతయు వినికిడి. మూడుగంటలకు మరల నవల, సాయంకాలము ఆరుగంటలకు మరల నవల. ఇట్లు దినమునకు ముమ్మారు నవల వినుట ఆయనకు ఔషధసేవవలె నిత్యవిధియయ్యెను.

ఇంటి వెనుక చెట్లనడుమ ఇసుకబాట యొకటి వేయించుకొనెను. దానిచుట్టును ఎన్ని మారులు తిరిగెనో లెక్కింపుటకు మలుపున చెకుముకిరాళ్లను కుప్పవేసి, చుట్టునకొక రాతిని కాలితో తన్నుచుండెను. పాలీ అను తెల్లని కుక్కపిల్ల వెంటనుండెడిది. పొడుము పీల్చు అలవాటు విద్యార్థిదశనుండి యుండెను. దానిని తగ్గించుకొనుటకై పొడుముజాడీని తన గదిలో గాక నడవలో నుంచెను. కావలసినపుడెల్ల లేచిపోవలసివచ్చుననియే ఆ యుపాయము. అయినను జాడీమూత చప్పుడు ఇంటివారికి తఱచుగా వినబడుచునే యుండెను!

నవలల విషయమున ఆయన అభిరుచి మిగుల సూటియైనది. స్కాట్, జేన్ ఆస్టెన్, గాస్కెల్ రచనలను విసుగు లేక మరల మరల వినుచుండెను. కథ సుఖాంతము కావలెను. దుఃఖాంతములైన నవలలను నిషేధించుచు శాసనము చేయవలెనని ఆయన పరిహాసముగా అనుచుండెను. కథలో మనసార ప్రేమింపదగిన పాత్ర యొకటి యుండవలెను. అది అందమైన స్త్రీయైనచో మరియు మంచిది. మధ్యరకపు నవలయైనను ఆయనకు సమ్మతమే. ముగింపును ముందుగా చూచుకొనుట తప్పని ఆయన భావము. ప్రాణుల మరణములను, జాతుల వినాశమును పగలంతయు ధ్యానించు మనస్సునకు, ముగ్గురు బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రి హృదయమునకు, సుఖాంతమైన కథ యెంతటి యూరటయో ఊహింపవచ్చును. పదియేండ్ల కుమార్తె ఆనీ 1851లో మరణించినప్పటి దుఃఖము ఆయనను తుదివరకు వీడలేదు.

రాత్రి భోజనమైన పిమ్మట భార్యతో కలిసి బాక్‌గామన్ ఆడుచుండెను. ఇది పాచికలు వేసి కాయలు నడపు ఆట. మన పల్లెల పచ్చీసువలె అదృష్టమును నేర్పును కలిసినది. రాత్రికి రెండే ఆటలు. తక్కువ లేదు, ఎక్కువ లేదు. తన పాచిక తప్పినపుడు వాపోవుచు, భార్య పాచిక పండినపుడు ఉత్తుత్తి కోపము చూపుచు ఇంటివారిని నవ్వించెడివాడు. శాస్త్రమునందువలెనే ఆటయందును లెక్క తప్పలేదు. 1876 జనవరిలో అమెరికానందలి మిత్రుడగు ఏసా గ్రే పండితునకు జాబు వ్రాయుచు, భార్య 2,490 ఆటలు గెలువగా తాను 2,795 ఆటలు గెలిచితినని సగర్వముగా తెలిపెను. లోకప్రసిద్ధుడైన శాస్త్రజ్ఞుడు ఏ ఘనతను గూర్చి చాటుకొనెనో చూడవలెను! ఆట ముగిసిన పిమ్మట ఎమ్మా పియానో వాయించెడిది. ఆయన సోఫాపై పరుండి వినుచుండెను.

1859 ప్రాంతమున ఇంట బిలియర్డ్సు బల్లను అమర్చెను. మహాగ్రంథము ముగింపునకు వచ్చిన ఆ సంవత్సరమున, తలలో గింగురుమను ఆలోచనలను తరిమివేయుటకు ఆ యాట ఎంతయో సాయపడుచున్నదని బంధువు ఫాక్స్‌కు వ్రాసెను.

1855లో ప్రారంభించిన పావురముల పెంపకము ఆయనకు సగము వినోదము, సగము పరిశోధనము. పావురము లనిన మొదట ఇష్టము లేకున్నను, పెంచినకొలది ప్రేమ పెరిగెను. లండనునందలి రెండు పావురముల సంఘములలో సభ్యుడై, సామాన్య వృత్తులవారితో కలసిమెలసి కూర్చుండి వారి యనుభవములను ఆలకించెను. వేఱువేఱు రూపములుగల పెంపుడు పావురములన్నియు ఒక్క అడవిపావురమునుండియే పుట్టినవని ఆయన నిరూపించెను. ఈ కథలో తెలుగునాటికి సంబంధించిన విషయ మొకటి కలదు. నానాదేశములనుండి ఆయన పావురముల చర్మములను తెప్పించుకొనెను. ఇండియానుండి విశేషముగా పంపినవాడు మద్రాసు కొలువునందలి వాల్టర్ ఇలియట్. ఈ ఇలియట్ ఉత్తర సర్కారుల కమిషనరుగా నుండి, 1845లో అమరావతి శిల్పములను త్రవ్వించి మద్రాసు చేర్చినవాడు. సర్కారు జిల్లాల మొక్కల తెలుగు పేర్లను సేకరించి ఫ్లోరా ఆంధ్రికా అను గ్రంథమును 1859లో ప్రకటించినవాడు. ఆయన చేసిన యుపకారమును డార్విన్ తన మహాగ్రంథమున కృతజ్ఞతతో స్మరించెను.

పుస్తకములపై డార్విన్‌కు ప్రేమ కలదు గాని మోజు లేదు. ఆయనకు పుస్తకము కమ్మరికి సుత్తివంటి పనిముట్టు. బరువైన సంపుటము చేతికి నొప్పి కలిగించినచో దానిని నడుమ రెండుగా చీల్చివేసెడివాడు. లయెల్ గ్రంథమునొకదానిని ఇట్లు చీల్చి, ఆ సంగతి గ్రంథకర్తకే తెలిపి, రెండవ ముద్రణమును రెండు సంపుటములుగా వేయించితినని గొప్పగా చెప్పుకొనెడివాడు. చదువునపుడు పెన్సిలుతో గీతలు గీసి, పుస్తకము చివర పుటల సంఖ్యలతో పట్టిక వ్రాసికొని, దానినిబట్టి సారమును విషయవారీగా పొందుపరచుకొనెడివాడు. అందుచేత ఏ విషయము వ్రాయబూనినను తాను జన్మమున చదివినదంతయు చేతికందుచుండెను. చీల్చుట అనుకరణీయము కాకున్నను, సారమును వ్రాసికొనుట ప్రతి పాఠకునకును ఆదర్శము.

తన విరామము నింతగా కాపాడుకొన్న ఆ మహనీయుడు తన గ్రామస్థుల విరామమును మఱవలేదు. కూలీలు వారమువారము కొంత కూడబెట్టుకొని రోగకాలమున సాయము పొందు సంఘమునకు ముప్పదియేండ్లు కోశాధికారిగా నుండెను. శీతకాలపు దీర్ఘరాత్రులలో పనివారికి సారాయికొట్టు తప్ప వేఱుచోటు లేకుండెను. వారు కూర్చుండి పత్రికలు చదువుకొనుటకును, చిన్న చిన్న ఆటలాడుకొనుటకును గ్రామపాఠశాల గదిని సాయంకాలములందు పఠనమందిరముగా వాడుకొనిరి. 1873లో గ్రామ మతాచార్యుడు ఇందుల కభ్యంతరము చెప్పెను. డార్విన్ దంపతులును ఇరుగుపొరుగు పెద్దలును పనివారి పక్షము వహించిరి. లోకమున తన సిద్ధాంతమునకై స్వయముగా వాదమునకు దిగని డార్విన్, పల్లెయందలి యీ గదికై లండనునందలి విద్యాశాఖవారికి జాబు వ్రాసి, అట్టి ఉపయోగమునకు వారి కభ్యంతరము లేదని తెలిసికొని, గదిని తెరపించెను. ఆయనకును మతాచార్యునకును మాటలు లేకపోయెను గాని, పనివారికి దీపము, పత్రిక దక్కినవి.

చివరి దినములలో ఆయన వినోదమును, శాస్త్రమును విడదీయుట కష్టమయ్యెను. వానపాములకు వినికిడి కలదా యని తెలిసికొనగోరి, వానిని మట్టికుండలలో హాలుకు తెప్పించెను. కుటుంబమువారు లోహపు ఈల నూదిరి; బస్సూన్ అను మంద్రవాద్యమును మ్రోగించిరి; పియానో వాయించిరి. వానపాములు చలింపలేదు. కుండలను పియానోపైననే యుంచి మీట నొక్కగా, కంపనము సోకి అవి తటాలున కలుగులలో దూరెను. వానికి చెవులు లేవు గాని, స్పర్శజ్ఞానము మెండని తేలెను. వానపాములు నేలను గుల్లపరచి సారవంతముగా చేయు తీరును దెలుపు ఆ గ్రంథము 1881లో వెలువడెను. బాల్యమున గాలమునకు గ్రుచ్చ మనసొప్పని ప్రాణికి ఆయన వార్ధకమున చేసిన సత్కారమది.

ఇంతవరకు ఆయన వినోదములు ఫలించిన విధము. ఇక కోల్పోయిన విధము. 1876లో తన బిడ్డలకొఱకు స్వీయచరిత్ర వ్రాయుచు డార్విన్ ఒక సంగతిని దాపరికము లేక వెల్లడించెను. ముప్పదియేండ్ల వయసు దాటువరకు తనకు మిల్టన్, గ్రే, బైరన్, వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జి, షెల్లీ కవుల కావ్యములు పరమానంద మిచ్చుచుండెననియు, ఇప్పుడు ఒక్క చరణమైనను చదువ సహింపజాలననియు తెలిపెను. పాఠశాల కిటికీలో తన్మయుడై చదివిన షేక్స్పియరును మరల తెఱచి చూడగా వెగటు పుట్టెను. చిత్రములపై రుచి నశించెను. సంగీతము వినినచో హాయికి బదులు, చేయుచున్న పనిని గూర్చిన ఆలోచనలే ముసరుచుండెను. మిల్టనును అడవులవెంట మోసికొనిపోయిన చేతులవేనా యివి? గాయకబాలురకు రుసుమిచ్చి పాడించుకొన్న హృదయమేనా యిది? తన మనస్సు వాస్తవముల రాశినుండి సూత్రములను పిండు యంత్రముగా మారిపోయినదని ఆయన విచారించెను. మరల జన్మించి బ్రతుకగలిగినచో వారమున కొకసారియైనను కొంత కవిత్వము చదువుట, కొంత సంగీతము వినుట నియమముగా పెట్టుకొందుననియు, ఆ రుచులు నశించుట సుఖము నశించుటయే యనియు, బుద్ధికిని శీలమునకును అది హానికరము కావచ్చుననియు వ్రాసెను.

ఈ మాటలు వ్రాసినవాడు ఓడిపోయినవాడు కాడు. తన కాలమున శాస్త్రలోకమునకు శిరోమణి. గెలిచినవాడు తాను పోగొట్టుకొన్నదానిని ఇంత నిష్కపటముగా చెప్పుట అపూర్వము. ఆ రుచులు ఒక్కనాట నశింపలేదు. ఏ నాటి కానాడు పనికి చోటిచ్చి పద్యమును రేపటికి వాయిదా వేయగా, ఆ రేపు ముప్పదియేండ్లయ్యెను. నవలలను ఆయన దినమునకు ముమ్మారు వినెను, అవి నిలిచినవి. బాక్‌గామన్ రాత్రికి రెండుమారులాడెను, అది నిలిచెను. కవిత్వమునకు మాత్రము దినచర్యలో వేళ యేర్పడలేదు, అది జారిపోయెను. నిత్యసాధనమే రుచిని కాపాడునని ఆయన జీవితమే చెప్పుచున్నది.

1882 ఏప్రిల్ 19వ తేదీన, 73 ఏండ్ల వయసున, డార్విన్ డౌన్ గ్రామమునందే తనువు చాలించెను. షికారులలో తోడునడచిన పాలీ కొలదిదినములకే మరణించెను. ఆయన దేహమును వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, మహనీయుల సరసన, సమాధి చేసిరి.

గ్రంథాలయమునకు వచ్చు పాఠకులలో పరీక్షకై చదువువారు కలరు, ఊసుపోకకై చదువువారును కలరు. వీరిలో ఎవ్వరిని హీనముగా చూచుటకును వీలులేదని డార్విన్ చరిత్రము బోధించును. ఊసుపోకకు తెఱచిన పుస్తకమే ఆయనకు మహాసిద్ధాంతమును ప్రసాదించెను. కొట్టికొట్టి చెప్పిన పాఠములు మఱచిపోయిన బాలుడు కిటికీలో చదివిన నాటకమును మఱవలేదు. పురుగులు పట్టు పిల్లవానిని మందలింపబోవు పెద్దలు ఒక్కక్షణ మాగి యోచింపవలెను. పని యొత్తిడిలో పద్యమును అటకపై పెట్టిన పెద్దలు వారమునకొక్కసారి దానిని దించి చదువుకొనవలెను. పల్లెయందు దీపమును, పత్రికను, నాలుగు పుస్తకములను నిలుపుటకు పాటుపడువారు, ఆ మహాశాస్త్రజ్ఞుడును ఒకనాడు అట్టి గదికై జాబులు వ్రాసెనని స్మరించి ధైర్యము పొందవలెను.